బైక్ ఇంజిన్ పనికి టార్క్ రెంచ్ కొంటున్నారా? ముందు మీ బోల్టులు లెక్కపెట్టండి

మేడారం జాతరకు ఇంకో వారం ఉందనగా మా బాపు బండి ఇంజిన్ విప్పాను. వంద సీసీ బండి, హన్మకొండలో మా ఇంటి వెనక రేకుల షెడ్డు కిందే పని. పిస్టన్ రింగులు, వాల్వ్ సీళ్లు, క్లచ్ ప్లేట్లు మార్చాలి, అంతే. అంతా శుభ్రంగా బిగించి ఆఖరికి క్లచ్ కవర్ దగ్గరికి వచ్చాను. తెలిసిన వాళ్ల దగ్గర అడిగి తెచ్చుకున్న టార్క్ రెంచ్ చేతిలో ఉంది కాబట్టి ధైర్యంగా ఉన్నాను. బోల్టుకు ఎంత బిగింపు (టార్క్) కావాలో దాని మీద పెట్టి లాగితే, అంతకు చేరగానే క్లిక్‌మనే పానా అది. నా చేతిలోది హాఫ్ ఇంచ్ డ్రైవ్ రెంచ్, అంటే సాకెట్ తగిలే చదరపు ముక్క అర అంగుళం ఉన్నది, మోచేతి కంటే పొడుగు, దాని స్కేలు 28 న్యూటన్ మీటర్ల (టార్క్ కొలిచే కొలమానం) దగ్గర మొదలై 210 దాకా ఉంటుంది. కవర్ బోల్టుకు కావలసింది 12. స్కేలుకు కింద ఇంకా కొంచెం తిప్పితే 12 వస్తుందిలే అని అంచనాగా తిప్పి, క్లిక్ కోసం చూస్తూ లాగాను. క్లిక్ రాలేదు. బోల్టు మాత్రం ఒక్కసారిగా తేలికైపోయి, తిప్పితే ఊరికే తిరగడం మొదలుపెట్టింది. బయటికి తీస్తే దాని మరల చుట్టూ వెండి తీగలాగా సన్నటి అల్యూమినియం చుట్టుకొని ఉంది. అది ఇంజిన్ కేసు లోపలి మర. మొత్తం ఊడి బోల్టుతో పాటు వచ్చేసింది.

ఆ రోజు నుంచి ఎవరు ఇంజిన్ పని మొదలుపెడుతున్నా అంటే నేను ముందు అడిగేది ఒకటే, ఏ రెంచ్ కొన్నారు అని. ఎక్కువ మంది చెప్పేది హాఫ్ ఇంచ్ అనే. పెద్దగా, బరువుగా ఉంటుంది, రేంజ్ ఎక్కువ, కారుకూ పనికొస్తుంది అని కొంటారు. చిన్న బైక్ ఇంజిన్‌కు మాత్రం అది పనికిరాదు. ఎందుకు పనికిరాదో, దాని బదులు ఏది తీసుకోవాలో, తెచ్చాక ఇంట్లోనే ఎలా పరీక్షించాలో వరసగా చెప్తాను.

మొదటి పని: కాగితం మీద బోల్టులు

షాపుకు పోయే ముందు మీ బండి సర్వీస్ మాన్యువల్ సంపాదించండి. బండితో పాటు ఇచ్చే చిన్న పుస్తకం కాదు, మెకానిక్‌ల కోసం కంపెనీ వేసేది. అందులో టార్క్ విలువల పట్టిక ఒకటి ఉంటుంది. దాన్ని ముందు పెట్టుకొని, మీరు విప్పబోయే ప్రతి బోల్టు, నట్టు పక్కన దాని టార్క్ ఒక కాగితం మీద రాసుకోండి. అరగంట పని. ఈ కాగితం లేకుండా కొన్న రెంచ్ గాలిలో కొన్నట్టే.

మాన్యువల్‌లో విడిగా చెప్పని బోల్టులకు సాధారణ పట్టిక ఒకటి ఉంటుంది. హోండా మాన్యువళ్లలో కనిపించే విలువలు ఇలా ఉంటాయి: 5 మిల్లీమీటర్ల బోల్టుకు 5 న్యూటన్ మీటర్లు, 6 మిల్లీమీటర్లకు 10, అదే 6 మిల్లీమీటర్ల పెద్ద ఫ్లాంజ్ (తల కింద వెడల్పు అంచు) ఉన్న బోల్టుకు 12, 8 మిల్లీమీటర్లకు 22, 10కి 34, 12కి 54. ఈ మిల్లీమీటర్లు బోల్టు కాడ మందం, పానా సైజు కాదు. 6 మిల్లీమీటర్ల బోల్టుకు మనం 8 పానానో 10 పానానో పెడతాం కదా, అక్కడ చాలామంది తికమక పడతారు. మీ బండికి దాని సొంత విలువ రాసి ఉంటే ఎప్పుడూ అదే వాడండి, ఈ సాధారణ విలువలు కాదు.

రాసుకున్నాక ఆ కాగితాన్ని ఒకసారి చూడండి. వంద, నూటపాతిక సీసీ ఇంజిన్ అయితే ఎక్కువ భాగం 6 మిల్లీమీటర్ల బోల్టులే ఉంటాయి. క్లచ్ కవర్, మాగ్నెట్ కవర్, రెండు కేసులను కలిపే బోల్టులు, ఆయిల్ పంపు అన్నీ 10, 12 దగ్గరే. హెడ్ నట్లు 20, 30 మధ్య ఎక్కడో. స్పార్క్ ప్లగ్, ఆయిల్ డ్రెయిన్ బోల్టు కూడా 30 దాటవు. దాన్ని దాటేవి మాగ్నెట్ నట్టు, క్లచ్ లాక్ నట్టు లాంటివి రెండో మూడో. అంటే మీ పనంతా 30 లోపలే నడుస్తుంది. 210 దాకా పోయే రెంచ్‌తో మీకు ఏం పని?

కొలమానాలు జాగ్రత్తగా చూడండి. పాత మాన్యువళ్లలో కిలోగ్రామ్ ఫోర్స్ మీటర్లలో ఉంటుంది, 1.0 అని రాసి ఉంటే అది 9.8 న్యూటన్ మీటర్లు, దాదాపు పది. కొన్నింట్లో కిలోగ్రామ్ సెంటీమీటర్లు ఉంటాయి, అప్పుడు అదే బోల్టుకు 100 అని కనిపిస్తుంది. ఇంటర్నెట్‌లో దొరికే విదేశీ మాన్యువళ్లలో ఫుట్ పౌండ్లు, ఇంచ్ పౌండ్లు రెండూ కలిసి ఉంటాయి. 1 ఫుట్ పౌండ్ అంటే 1.356 న్యూటన్ మీటర్లు, 12 ఇంచ్ పౌండ్లు కలిస్తే 1 ఫుట్ పౌండ్. ఒకదాని బదులు ఇంకొకటి చదివితే పన్నెండు రెట్ల తేడా. అందుకే కాగితం మీద అన్నీ న్యూటన్ మీటర్లలోకి మార్చి రాసుకోండి, రెంచ్ మీద కూడా ఆ స్కేలే చూడండి.

ఇంకో మాట. ఏ బోల్టుకు ఆయిల్ రాయమన్నాడో, దేనికి థ్రెడ్ లాక్ (మర వదులు కాకుండా పట్టే జిగురు) వేయమన్నాడో కూడా పక్కనే గుర్తు పెట్టుకోండి. దాని సంగతి తర్వాత వస్తుంది.

పెద్ద రెంచ్ ఎందుకు మరలు లాగేస్తుంది

ఇది అర్థమైతే మిగతాదంతా తేలిక. టార్క్ అంటే మీరు పెట్టే బలం, పిడి పొడుగు, రెండూ గుణించినది. 12 న్యూటన్ మీటర్లు కావాలనుకోండి. చేతిలో 20 సెంటీమీటర్ల చిన్న రెంచ్ ఉంటే పిడి దగ్గర దాదాపు 6 కిలోల బలం పెట్టాలి. అది చేతికి తెలుస్తుంది, ఎక్కడ ఆగాలో వేళ్లు చెప్తాయి. అదే 45 సెంటీమీటర్ల హాఫ్ ఇంచ్ రెంచ్ అయితే 2.7 కిలోలు చాలు. మూడు కిలోల కూరగాయల సంచి కంటే తక్కువ. ఆ రెంచ్ బరువే కిలో పైన ఉంటుంది కాబట్టి, అది వేలాడే బరువేదో మీరు లాగే బలమేదో చేతికి తేడానే తెలియదు.

దానికి తోడు స్కేలు సంగతి. క్లిక్ రెంచ్ లోపల ఒక స్ప్రింగ్ ఉంటుంది. పిడి తిప్పినప్పుడు అది నొక్కుకుంటుంది, మీరు పెట్టిన టార్క్ దాన్ని మించగానే లోపలి ముక్క జారి టక్కుమంటుంది. స్ప్రింగ్ బాగా వదులుగా ఉన్నప్పుడు ఆ జారడం నెమ్మదిగా, చప్పుడు లేకుండా అయిపోతుంది. అందుకే ఈ రెంచ్‌ల కచ్చితత్వాన్ని గరిష్ఠ విలువలో 20 శాతం నుంచి పైకి మాత్రమే లెక్కలోకి తీసుకుంటారు, టార్క్ రెంచ్‌ల ప్రమాణం ఐఎస్‌ఓ 6789 చెప్పేది కూడా అదే. లెక్క వేయండి. 210 రెంచ్ నమ్మకం 42 దగ్గర మొదలవుతుంది. 110 రెంచ్ 22 దగ్గర. 25 రెంచ్ 5 దగ్గర. నేను 28 కింద అంచనాగా తిప్పి 12 కోసం చూసిన రెంచ్‌కు అక్కడ మాట్లాడే శక్తే లేదు. తప్పు రెంచ్‌ది కాదు, నాది.

రెండో పని: రేంజ్ తేల్చుకోవడం

నా మాట వినేటట్టయితే రెండు రెంచ్‌లు తీసుకోండి. ఒకటి 5 నుంచి 25 దాకా పోయేది, క్వార్టర్ ఇంచ్ డ్రైవ్. అది దొరక్కపోతే అదే రేంజ్‌లో త్రీ బై ఎయిట్ అయినా సరే. రెండోది 20 నుంచి 100 లేదా 110 దాకా పోయే త్రీ బై ఎయిట్. ఈ రెండింటితో చిన్న బండి ఇంజిన్ మొత్తం, దాంతో పాటు చక్రాల ఇరుసు నట్లు కూడా అయిపోతాయి.

ఒకదానికే డబ్బులు ఉన్నాయంటే? చిన్నదే కొనండి. మా కాజీపేట మేస్త్రీ అన్న దీనికి ఒప్పుకోడు. "తమ్మీ, మాగ్నెట్ నట్టు లూజైతే ఇంజిన్ పోతది, పెద్దదే ముందు తీస్కో" అంటాడు. ఆయన మాటలో నిజం లేకపోలేదు. కానీ మాగ్నెట్ నట్టు, క్లచ్ నట్టు ఇనుము మీద ఇనుము, ఒకటో రెండో ఉంటాయి, వాటి కోసం పెద్ద రెంచ్ ఒక పూటకు అడిగి తెచ్చుకోవచ్చు, లేదంటే ఇంజిన్‌ను మెకానిక్ షెడ్డుకు పట్టుకుపోయి ఆ రెండు నట్లు బిగించుకొని రావచ్చు. అల్యూమినియంలోకి పోయే 6 మిల్లీమీటర్ల బోల్టులు మాత్రం ముప్పై, నలభై దాకా ఉంటాయి, ఒక్క దాని మర పోయినా కేసు లేత్ షాపుకు పోవాల్సిందే. ఏది ఎక్కువసార్లు చేయాలో, ఏది పాడైతే ఖర్చు ఎక్కువో చూస్తే చిన్న రెంచే ముందు.

కచ్చితత్వం ఎంత అని రాసి ఉందో కూడా చదవండి. మంచి క్లిక్ రెంచ్‌కు ప్లస్ ఆర్ మైనస్ 4 శాతం అని ఉంటుంది, అంటే 10కి పెడితే 9.6 నుంచి 10.4 మధ్య ఎక్కడో క్లిక్ అవుతుంది. బోల్టుకు అది చాలు. కానీ ఆ శాతం దేని మీద అనేది చూడాలి. పెట్టిన విలువ మీద 4 శాతమా, గరిష్ఠ విలువ మీద 4 శాతమా? 100 రెంచ్‌కు గరిష్ఠం మీద 4 శాతం అంటే ఎక్కడైనా 4 న్యూటన్ మీటర్ల తేడా రావచ్చని అర్థం. 10 దగ్గర అది 40 శాతం. డబ్బా మీద ఏమీ రాయకపోతే ఆ రెంచ్ వదిలేయండి.

మూడో పని: ఏ రకం

మార్కెట్లో ప్రధానంగా మూడు రకాలు దొరుకుతాయి.

ముల్లు రకం ఒకటి. ఒక ఇనుప కడ్డీ వంగుతుంది, పక్కన వంగని ముల్లు స్కేలు మీద విలువ చూపిస్తుంది. తక్కువ ధర, లోపల స్ప్రింగ్ లేదు, పాడయ్యేదీ తక్కువ. ముల్లు సున్నా దగ్గర లేకపోతే మెల్లగా వంచి సరిచేసుకోవచ్చు. ఇబ్బంది ఏంటంటే స్కేలును సూటిగా పైనుంచి చూడాలి, పక్కనుంచి చూస్తే తప్పు కనిపిస్తుంది, ఇంజిన్ ఫ్రేములోనే ఉంటే కన్ను పెట్టే చోటు ఉండదు. ఇంజిన్ దించి బల్ల మీద పెట్టి పని చేసేవాళ్లకు ఇది చాలా మంచిది.

డిజిటల్ రకం రెండోది. విలువ దగ్గరికి రాగానే బీప్ ఇస్తుంది, వణుకుతుంది, ఎంత టార్క్ పెట్టారో చూపిస్తుంది. బాగుంటుంది, ఖరీదెక్కువ, ఏడాదికి ఒకసారి ఇంజిన్ విప్పేవాళ్లు బ్యాటరీ లోపలే వదిలేస్తే కారిపోయి పాడవుతుంది.

క్లిక్ రకం మూడోది, నేను చెప్పేది ఇదే. ఇరుకులో, కనపడని చోట కూడా పని చేస్తుంది. ఒక్కటి గుర్తుంచుకోండి, 8 లేదా 10 దగ్గర క్లిక్ చాలా మెత్తగా ఉంటుంది. పక్కన కంప్రెసర్ నడుస్తుంటే వినపడదు. చెవితో కాదు, అరచేతితో పట్టుకోవాలి దాన్ని. పిడి ఒక్క క్షణం కొద్దిగా ఒరిగినట్టు అనిపిస్తుంది, అదే క్లిక్.

నాలుగో పని: షాపులో చేతిలోకి తీసుకొని

వరంగల్ చౌరస్తా చుట్టుపక్కల హార్డ్‌వేర్ షాపుల్లో అడగండి, హాఫ్ ఇంచ్ దొరకడం తేలిక, 5 నుంచి 25 అనగానే తెప్పించాలి అంటారు. తెప్పిస్తామంటే ఆగండి, అంతేగానీ ఉన్నదాన్ని అంటగడితే తీసుకోకండి. కరీంనగర్, జగిత్యాల, గోదావరిఖని వాళ్లకూ ఇదే పరిస్థితి. కాజీపేటలో పొద్దున రైలెక్కి సికింద్రాబాద్ పోతే రాణిగంజ్‌లో పనిముట్ల షాపులు వరసగా ఉంటాయి, నాలుగు రకాలు పక్కపక్కన పెట్టుకొని చూడొచ్చు. ఆన్‌లైన్‌లో కొంటే వాపసు తీసుకునే షరతు చూసి కొనండి, వచ్చిన రోజే పరీక్షించండి.

చేతిలోకి తీసుకున్నాక ముందు కిందికి, పైకి తిప్పి చూడండి, ఎక్కడా పట్టేయకూడదు. స్కేలు గీతలు సన్నగా, స్పష్టంగా ఉండాలి. 10కి, 12కి తేడా పెట్టాల్సిన చోట 5 కి ఒక గీత ఉన్న రెంచ్ ఏం చేసుకుంటాం? అర న్యూటన్ మీటర్ దాకా చదవగలిగితే చాలు. పెట్టిన విలువ కదలకుండా లాక్ పడుతుందో లేదో చూడండి. రాచెట్ పళ్లు సన్నగా ఉంటే ఇరుకులో కొంచెం కొంచెంగా తిప్పొచ్చు. తల ఎంత మందం ఉందో చూడండి, ఫ్రేముకూ హెడ్‌కూ మధ్య సందులోకి అది దూరాలి. వీలైతే మీ సాకెట్ ఒకటి, ఎక్స్‌టెన్షన్ ఒకటి జేబులో వేసుకొనిపోయి తగిలించి చూడండి.

డబ్బాలో పరీక్ష పత్రం ఉంటుంది. దాని మీద నంబరు, రెంచ్ మీద చెక్కిన నంబరు ఒకటేనా అని చూడండి. అందరికీ ఒకే జిరాక్స్ కాగితం పెట్టి ఇచ్చేవీ ఉన్నాయి, నంబరు లేని పత్రానికి విలువ లేదు. టాపారియా, స్టాన్లీ లాంటి పేర్లు మన దగ్గర తేలికగా దొరుకుతాయి, కానీ పేరు చూసి కాదు, పత్రం, రేంజ్ చూసి తీసుకోండి.

ఐదో పని: బకెట్ పరీక్ష

నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇది. ల్యాబుకు పంపకుండా ఇంట్లోనే రెంచ్ నిజం చెప్తుందో లేదో తేల్చుకోవచ్చు. కావలసినవి గట్టి వైస్ (బల్లకు బిగించి ముక్కను పట్టి ఉంచే పనిముట్టు), బకెట్, సుతిలి తాడు, టేపు, లీటరు చెంబు, కూరగాయలు తూచే ఎలక్ట్రానిక్ కాంటా ఒకటి.

రెంచ్ తల దగ్గరి చదరపు ముక్కను వైస్‌లో పట్టించి, రెంచ్ నేలకు సమంగా అడ్డంగా ఉండేటట్టు పెట్టండి. పిడి మధ్యలో, చెయ్యి పట్టుకునే చోట, సుతిలి కట్టి బకెట్ వేలాడదీయండి. చదరపు ముక్క నడిమి నుంచి సుతిలి దాకా ఎంత దూరమో టేపుతో కొలవండి. నా రెంచ్‌కు 22 సెంటీమీటర్లు. 10 న్యూటన్ మీటర్లకు పెట్టాను. 10ని 9.81తో భాగిస్తే 1.02, దాన్ని 0.22తో భాగిస్తే 4.63. అంటే ఆ చోట 4.63 కిలోల బరువు పడితే క్లిక్ రావాలి.

ఇక్కడ చాలామంది మర్చిపోయేది రెంచ్ సొంత బరువు. అది కూడా కిందికి లాగుతూనే ఉంటుంది. రెంచ్‌ను వేలి మీద అడ్డంగా నిలబెట్టి ఎక్కడ సమంగా ఆగుతుందో గుర్తు పెట్టుకోండి. నాది అర కిలో, తల నుంచి 10 సెంటీమీటర్ల దగ్గర సమంగా ఆగింది. 0.5ని 0.10తో గుణించి 0.22తో భాగిస్తే 0.23 కిలోలు. 4.63లో అది తీసేస్తే 4.4. బకెట్, నీళ్లు, తాడు అన్నీ కలిపి 4.4 కిలోల దగ్గర క్లిక్ కావాలి. 4 శాతం తేడా ఒప్పుకుంటే 4.2 నుంచి 4.6 మధ్య ఎక్కడైనా సరే.

నీళ్లు చెంబుతో సన్నటి ధారగా పోయండి. గబగబా పోస్తే బకెట్ ఊగి ముందే క్లిక్ అవుతుంది. నాలుగు కిలోలు దాటాక నేనైతే ఊపిరి బిగపట్టి చుక్క చుక్కగా పోశాను, ఒక్కసారిగా పిడి కొంచెం కిందికి దిగింది, టక్. బకెట్ తీసి కాంటా మీద పెడితే 4 కిలోల 480 గ్రాములు. మూడుసార్లు చేయండి, మూడుసార్లూ దగ్గర దగ్గరగా రావాలి. ఒకసారి 4.1, ఇంకోసారి 4.8 వస్తే లోపల ఏదో పట్టేస్తోంది, వాపసు ఇచ్చేయండి. మూడుసార్లూ ఒకేలా వచ్చి విలువ కొంచెం పక్కకు ఉంటే ఆ తేడా కాగితం మీద రాసుకొని వాడుకోవచ్చు. కొత్త రెంచ్ అయితే పరీక్షకు ముందు మధ్య విలువ దగ్గర ఐదారుసార్లు క్లిక్ చేయండి, లోపలి గ్రీజు సర్దుకుంటుంది.

ఆరో పని: ఇంజిన్ మీద

ఎంత మంచి రెంచ్ అయినా మురికి మర మీద అబద్ధమే చెప్తుంది. మీరు పెట్టే టార్క్‌లో దాదాపు తొంభై శాతం బోల్టు తల కింద, మరల మధ్య రాపిడికే పోతుంది, పదో వంతు మాత్రమే నిజంగా రెండు ముక్కలను బిగించి పట్టేది. ఆ రాపిడి తగ్గితే అదే టార్క్‌కు బోల్టు చాలా ఎక్కువ సాగుతుంది. అందుకే మాన్యువల్‌లో ఆయిల్ రాయమన్న చోట రాయాలి, రాయమనని చోట రాయకూడదు. హెడ్ నట్లకు చాలా ఇంజిన్లలో ఆయిల్ రాయమంటారు, కవర్ బోల్టులకు అనరు. తుప్పు, పాత ప్యాకింగ్ గమ్ము ఉంటే పెట్రోలుతో కడిగి బ్రష్ కొట్టండి. అవతలి వైపు మూసుకుపోయి ఉన్న రంధ్రాల్లో ఆయిల్ నిలిచి ఉంటే గాలి కొట్టి తీసేయండి, బోల్టు దిగినప్పుడు ఆయిల్ నలిగి పోవడానికి దారి లేక కేసు పగిలే ప్రమాదం ఉంది.

బోల్టులన్నీ ముందు వేళ్లతో దిగాలి. వేళ్లతో దిగనిదాన్ని రెంచ్‌తో దింపొద్దు. తర్వాత మామూలు చిన్న పానాతో కవర్ ఆనేదాకా బిగించి, అప్పుడు టార్క్ రెంచ్ పట్టండి. హెడ్ నట్లు అయితే ఒకటి బిగించి దానికి ఎదురు మూలది, మళ్లీ పక్కది, దాని ఎదురుది, ఇలా ఐమూలగా పోవాలి. 20 కావాలంటే మొదట అన్నీ 10కి, తర్వాత 15కి, ఆఖరికి 20కి. కొన్ని ఇంజిన్లలో ఒక స్టడ్డు (హెడ్ నట్టు ఎక్కే తల లేని పొడుగు బోల్టు) పక్కనుంచే ఆయిల్ పైకి పోతుంది, దాని మీద రాగి వాషర్ ఉంటుంది, విప్పేటప్పుడే ఏది ఎక్కడిదో ఫోటో తీసి పెట్టుకోండి.

పిడి మధ్యలోనే పట్టుకొని, కుదుపు లేకుండా, నెమ్మదిగా లాగండి. క్లిక్ రాగానే ఆగండి. ఖాయం చేసుకుందామని ఇంకోసారి, మళ్లీ ఇంకోసారి లాగేవాళ్లను చాలామందిని చూశాను, ప్రతిసారీ బోల్టు ఇంకొంచెం కదులుతుంది. పిడికి పైపు తొడగొద్దు. నిటారు ఎక్స్‌టెన్షన్ రాడ్ వేస్తే టార్క్ మారదు, భయం లేదు. కానీ సాకెట్ పట్టని చోట రెంచ్ తలకు ముందుకు పొడుచుకొచ్చే క్రోఫుట్ పానా తగిలిస్తే పొడుగు పెరుగుతుంది, లెక్క మారుతుంది. 22 సెంటీమీటర్ల రెంచ్‌కు ముందు 3 సెంటీమీటర్లు కలిస్తే, 10 కావాలంటే 22ని 25తో భాగించి పదితో గుణించాలి, 8.8కి పెట్టాలి. ఆ క్రోఫుట్‌ను రెంచ్‌కు అడ్డంగా, తొంభై డిగ్రీల కోణంలో తగిలిస్తే ఈ లెక్క అక్కర్లేదు.

బిగిస్తున్నప్పుడు వేళ్లకు ఒక సంగతి తెలియాలి. బోల్టు తిరిగేకొద్దీ బిగువు పెరుగుతూ పోవాలి. తిరుగుతూనే ఉంది, బిగువు మాత్రం అక్కడే ఉంది అంటే మర ఊడుతోంది. క్లిక్ కోసం చూడకుండా ఆగిపోండి. అక్కడితో ఆగి బోల్టు తీస్తే హెలికాయిల్ (పోయిన మర బదులు దింపే స్టీలు తీగ చుట్ట) వేసి బాగుచేయొచ్చు, ఇంకా లాగితే రంధ్రం అంచు కూడా పోతుంది.

పని అయ్యాక

స్కేలును దాని అతి తక్కువ విలువకు తిప్పి డబ్బాలో పెట్టండి. 5 నుంచి 25 రెంచ్ అయితే 5 దగ్గర. ఇంకా కిందికి వదులు చేయొద్దు, లోపలి ముక్కలు చోటు తప్పుతాయి. అలాగని 12 దగ్గరే నెలల తరబడి వదిలేస్తే స్ప్రింగ్ నీరసపడుతుంది. పట్టేసిన బోల్టు విప్పడానికి దీన్ని ఎప్పుడూ వాడొద్దు, దానికి టీ పానా, రాచెట్ ఉన్నాయి. కింద పడితే బకెట్ పరీక్ష మళ్లీ చేయండి. రోజూ వాడే షెడ్డు వాళ్లయితే 5000 క్లిక్‌లకో ఏడాదికో ఒకసారి సరిచూపించుకోవాలి, ఇంట్లో వాడేవాళ్లకు ప్రతి ఇంజిన్ పనికి ముందు బకెట్ చాలు.

మా బాపు బండి కేసుకు హన్మకొండలోనే లేత్ షాపులో హెలికాయిల్ వేయించాను. పాత రంధ్రం కొంచెం పెద్దది చేసి, కొత్తగా మర కోసి, స్టీలు తీగ చుట్టను దాంట్లోకి దింపారు. మళ్లీ క్లచ్ కవర్ పెట్టి, ఈసారి కొత్తగా కొన్న చిన్న రెంచ్‌ను 12కి పెట్టి లాగితే, అరచేతిలో మెత్తగా ఆ ఒరగడం తెలిసింది. బాపు ఆ బండి మీదే మేడారం పోయి వచ్చాడు, వచ్చాక నేను ముందు చూసింది ఆ బోల్టు కిందే, ఆయిల్ తడి లేదు.